కాన్సెప్టు వాహనానికి పేరు, లోగో: "కాడి" అనుకున్నాం, సరిపోతుందా?

మూడుచక్రాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము నలుగురం మెకానికల్ ఇంజినీరింగు చివరి సంవత్సరం విద్యార్థులం. రైతుబజారుకు సొంతంగా కూరగాయలు తెచ్చుకునే చిన్న రైతు కోసం ఒక మూడు చక్రాల విద్యుత్ వాహనాన్ని కాన్సెప్టు ప్రాజెక్టుగా రూపొందిస్తున్నాము. చూడడానికి ట్రాలీ ఆటోలాగే ఉంటుంది కానీ, వెనుక సరుకు పెట్టే తొట్టిని చట్రానికి శాశ్వతంగా బిగించలేదు. బజారుకు చేరిన తరువాత తొట్టికి ఉన్న నాలుగు కాళ్లనూ కిందికి దించి నిలబెట్టి, బండిని దాని కింద నుంచి ముందుకు నడిపించి తీసేయవచ్చు. పక్క పలకలు తెరిస్తే ఆ తొట్టే అమ్మకపు బల్ల అవుతుంది. ఉదయం ట్రేలు దింపి, మధ్యాహ్నం మిగిలిన వాటిని మళ్లీ ఎక్కించే శ్రమ తప్పుతుంది.

నాలుగో వంతు కొలతలో నమూనా దాదాపు పూర్తయింది. ప్రదర్శనకు ఐదు వారాల గడువు ఉంది. ఇన్నాళ్లూ చట్రం, బ్యాటరీ, తొట్టి కాళ్ల తాళం గురించే ఆలోచించి, పేరు సంగతి చివరికి వదిలేశాము. మొదట రాసుకున్న జాబితాలో గరుడ, వాయు, పుష్పక, అగ్నిరథం ఉన్నాయి. తరువాత మాలో వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడు "కాడి" అన్నాడు. రెండక్షరాల పేరు, రైతుకు తెలిసిన వస్తువు, బరువును ఇద్దరు పంచుకోవడమనే భావం కూడా ఉంది కనుక ముగ్గురం ఒప్పుకున్నాము. నాలుగో మిత్రుడు మాత్రం మా నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి ఒక ఇంగ్లీషు పదం తయారు చేద్దామంటున్నాడు.

లోగోకు గీసిన చిత్రంలో పైన కాడి వంపు, కింద ఇరవై నాలుగు ఆకుల చక్రం, వెనుక వెదురు బుట్ట అల్లిక ఉన్నాయి. కంప్యూటరు తెరమీద ముచ్చటగా ఉంది కానీ, నమూనా ముందు భాగంలో దానికి దొరికే చోటు 60 మిల్లీమీటర్లే. ఆ కొలతలో అచ్చు వేయించి చూస్తే సిరా మరకలాగా కనిపించింది. న్యాయనిర్ణేతలలో కొందరు ఇతర రాష్ట్రాల నుంచి వస్తారు కనుక తెలుగు పేరు పెట్టడం సబబేనా, ఇదే పేరు ఇంకెవరికైనా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి, లోగోలో ఏమి తీసేయాలి అనే విషయాలలో మీ సలహా కావాలి.

పాతడ్రాయింగుబోర్డు

పుణెలో చాలా ఏళ్లుగా వాహనాల బాడీ డిజైను విభాగంలో పని చేస్తున్నాను. పేరు బాగుందా లేదా అని చూసే ముందు ఆ పేరు చేయవలసిన పని ఏమిటో తేల్చుకోవాలి. కంపెనీలలో కాన్సెప్టుకు పెట్టే పేరు వేరు, అమ్మకానికి వచ్చే బండి పేరు వేరు కావడం మామూలే. టాటావారు 2018 ఆటో ఎక్స్‌పోలో హెచ్‌5ఎక్స్, 45ఎక్స్ అని చూపించిన కాన్సెప్టులు తరువాత హ్యారియర్, ఆల్ట్రోజ్ అయ్యాయి. అదే ప్రదర్శనలో మారుతివారు ఫ్యూచర్ ఎస్ అన్నది మరుసటి ఏడాది ఎస్-ప్రెస్సోగా వచ్చింది. అక్కడ కాన్సెప్టు పేరు కొన్ని నెలలు నిలిస్తే చాలు. మీ బండి మాత్రం కాన్సెప్టుగానే పుట్టి, బహుశా కాన్సెప్టుగానే మిగిలిపోతుంది. కాబట్టి మీరు ఎదురుగా లేనప్పుడు కూడా మీ ఆలోచనను చెప్పవలసిన బాధ్యత ఆ పేరుదే.

ఆ లెక్కన గరుడ, వాయు, అగ్ని వెంటనే కొట్టేయండి. విద్యార్థుల వాహన పోటీలకు ఎప్పుడు వెళ్లినా వరుసకు ఒక గరుడ, ఒక వాయు తగులుతూనే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం, అవన్నీ వేగం చెప్పే పేర్లు కావడం. మీ బండి గొప్పతనం పరుగులో లేదు, ఆగిన తరువాత జరిగే పనిలో ఉంది. ఈ సందర్భంలో ఒక ముచ్చట గుర్తొస్తోంది. పియాజియోవారు స్కూటరుకు వెస్పా అని, మూడు చక్రాల బండికి ఆపే అని పేర్లు పెట్టారు. ఇటాలియన్‌లో మొదటిది కందిరీగ, రెండోది తేనెటీగ. మన ఊళ్లలో "ఆపే ఆటో" అన్నప్పుడు ఎవరికీ తేనెటీగ తోచదు. చెయ్యెత్తితే ఆపే ఆటో అనే అర్థమే చెవిన పడుతుంది. అనుకోకుండా కుదిరినా, తెలుగు ప్రయాణికుడికి అంతకంటే సరైన పేరు దొరకదు.

ఇక "కాడి" సంగతి. మీ మిత్రుడి ఆలోచన మంచిదే కానీ, రెండు చిక్కులు ఉన్నాయి. తెలుగులో పని మధ్యలో వదిలేసిన వాణ్ణి "కాడి పడేశాడు" అంటాము. ప్రదర్శన రోజున నమూనా కాలు ఒకటి సరిగా దిగకపోతే మీ స్నేహితుల నోట మొదట వచ్చే మాట అదే. హాస్యాన్ని ఎలాగో భరించవచ్చు, రెండో చిక్కు మాత్రం అసలు భావానికే అడ్డం వస్తుంది. కాడి అంటే కట్టివేసేది, మెడ మీద పడేది. మీరు చేస్తున్నది తొట్టిని బండి నుంచి విడదీయడం. అంటే పేరు ఒకటి చెబుతుంటే వాహనం దానికి ఎదురు చెబుతోంది.

మొదటి అక్షరాలు కలిపే పద్ధతిలో తప్పేమీ లేదు. ఫియట్ కూడా టొరినో నగరంలోని ఇటాలియన్ మోటారు కర్మాగారం అనే నాలుగు మాటల పొడి అక్షరాలే. కాకపోతే అలాంటి పేరు కంపెనీని గురించి చెబుతుంది, బండిని గురించి కాదు. టాటావారి చిన్న కారు పేరు కూడా రెండు ఇంగ్లీషు మాటల ముక్కలు కలిపి జికా అని పెట్టినదే. సరిగ్గా అదే రోజుల్లో జికా వైరస్ ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కడంతో 2016లో దానిని టియాగోగా మార్చుకున్నారు. పెట్టినవారి తప్పు అందులో ఏమీ లేదు, అయినా పేరు నిలవలేదు.

లోగోకు నాకు నచ్చే ఉదాహరణ సిట్రోయెన్. ఆ రెండు బాణం మొనల గుర్తు ఏ అలంకారానికో గీసినది కాదు. ఆంద్రే సిట్రోయెన్ కార్ల వ్యాపారంలోకి రాకముందు తయారు చేసిన గేరు చక్రాల పళ్లు ఆ ఆకారంలోనే ఉండేవి. చేసే వస్తువులోంచే గుర్తు వచ్చింది. మీరు కూడా బండిని వదిలేసి తొట్టిని చూడండి. ఆ తొట్టికి మీ అమ్మమ్మగారు ఏ పేరు పెట్టి పిలుస్తారో అడిగి చూడండి.

గుమాస్తాగిరి

హైదరాబాదులో ట్రేడ్‌మార్కు దరఖాస్తులు తయారు చేసే కార్యాలయంలో పని చేస్తాను. పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం మీరే చేయగలిగిన పని, పైసా ఖర్చు లేదు. పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ వెబ్‌సైటులో అందరికీ తెరిచి ఉన్న అన్వేషణ పుట ఉంది. అందులో తరగతి సంఖ్య 12 అని ఇవ్వండి. సరుకులు, సేవలు కలిపి మొత్తం 45 తరగతులలో వాహనాలది పన్నెండో తరగతి. ముందు పదంగా వెతికి, ఆ తరువాత తప్పకుండా ధ్వనిపరంగా కూడా వెతకండి. చట్టం చూసేది అక్షరాల తేడాను మాత్రమే కాదు, చెవికి ఒకేలా వినిపించడాన్ని కూడా.

"కాడి"కి ఇక్కడే ఇంకో ఇబ్బంది ఉంది. హిందీ చెవికి అది "గాడీ"కి బాగా దగ్గర. గాడీ అంటే బండే కదా. బండికి బండి అనే పేరు పెట్టుకుని అది నాది మాత్రమే అంటే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం తొమ్మిదో సెక్షను ఒప్పుకోదు. వస్తువును వర్ణించే మాట ఎవరి సొత్తూ కాదు. మీది "గాడీ" కాదని వాదించవచ్చు, కానీ విద్యార్థి ప్రాజెక్టుకు ఆ వాదన ఎందుకు?

తరగతి వేరైతే చాలు అనుకోవడం కూడా పొరపాటు. 2024 నవంబరులో మహీంద్రావారు బీఈ 6ఈ అనే విద్యుత్ కారును ప్రకటించారు. ఇండిగో విమానాల కోడు 6ఈ. ఒకటి కారు, ఒకటి విమాన సేవ. అయినా విమాన సంస్థవారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. డిసెంబరులో మహీంద్రావారు తమ వాదనను వదులుకోకుండానే ఆ కారు పేరును బీఈ 6గా కుదించుకున్నారు. అంత పెద్ద సంస్థే ఆవిష్కరణ జరిగిన రెండు వారాలలోపు పేరు సరిచేసుకోవలసి వచ్చింది.

మీరు ఇప్పుడే నమోదు చేయించుకోవాలని నేను చెప్పను. వ్యక్తులకు ఆన్‌లైనులో ఒక తరగతికి రుసుము రూ. 4,500, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది. ప్రాజెక్టు ముందుకు సాగితే అప్పుడు చూసుకోవచ్చు. అయితే నమోదు కాకుండా లోగో పక్కన సున్నలో ఆర్ అక్షరం పెట్టకండి. అందంగా ఉందని చాలామంది పెడుతుంటారు, కానీ చట్టం 107వ సెక్షను ప్రకారం అది తప్పు. ఇక మీ లోగోలోని ఇరవై నాలుగు ఆకుల చక్రాన్ని ఈరోజే తీసేయండి. జాతీయ పతాకంలోని అశోక చక్రం బొమ్మను వ్యాపార గుర్తులలో వాడడాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధించింది. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు కానీ, లెక్కపెట్టి చూసేవాడికి ఇరవై నాలుగు ఇరవై నాలుగే.

పేరు కంటే ముందు పడవలసిన తొందర ఒకటుంది. తొట్టి రూపం కొత్తదని మీకు నమ్మకం ఉంటే, 2000 నాటి డిజైన్ల చట్టం కింద దరఖాస్తు ప్రదర్శనకు ముందే దాఖలు కావాలి. దరఖాస్తుకు ముందు బయటివారికి చూపించిన రూపానికి కొత్తదనం పోయినట్లే లెక్క. ఫోటోలు ఎవరికీ పంపకండి, ఈ చర్చలో కూడా పెట్టకండి. చాలామంది ప్రదర్శనలో బహుమతి వచ్చాక మా దగ్గరికి వస్తారు. అప్పటికి మేము చేయగలిగింది టీ ఇప్పించి పంపడమే.

అక్షరాలపిచ్చి

పైన పెద్దవారు అమ్మమ్మను అడగమన్నారు కదా, అమ్మమ్మల తరఫున నేను చెబుతాను: "గంప".

కూరగాయలు అమ్మే ఆమె నెత్తిన గంప పెట్టుకుని వస్తుంది, వీధి అరుగు మీద దించుతుంది, అక్కడే అమ్ముతుంది. మోసేదీ అదే, దించాక దుకాణమూ అదే. మీరు ఐదు వారాలలో న్యాయనిర్ణేతలకు వివరించబోయే సంగతంతా ఆ రెండక్షరాలలో ఉంది. తెలుగులో దాని చుట్టూ ఉన్న మాటలు కూడా మీకు అనుకూలమే. "గంపెడాశ" అంటాము. "గంపగుత్త"గా కొన్నాడంటే సరుకంతా ఒక్క ధరకు తీసుకున్నాడని అర్థం. "చెత్త గంప" ఒకటి ఉందని ఎవరైనా గుర్తు చేస్తారు, నిజమే. ఏ పాత్ర పేరుకైనా ఆ ప్రమాదం తప్పదు.

రాసి చూస్తే ఇంకా బాగుంటుంది. కాగితం మీద పెద్దగా "గంప" అని రాసి, కాస్త దూరంగా పెట్టి చూడండి. గ అక్షరం కిందికి తెరిచిన కమాను, చక్రం మీద మడ్‌గార్డులాగా ఉంటుంది. నడుమ నిండు సున్న చక్రమే. ప అక్షరానికి తల మూసి ఉండదు. వ రాసేటప్పుడు తలకట్టు కలిసిపోతుంది కానీ, ప నోరు తెరుచుకునే ఉంటుంది, సరుకు వేయడానికి సిద్ధంగా ఉన్న గంపలాగా. మడ్‌గార్డు, చక్రం, గంప అదే వరుసలో వచ్చాయి. ఇంత కుదిరిన పదం దొరికాక కాడి వంపు, చక్రం, అల్లిక విడివిడిగా గీయడం దండగ. పదమే లోగో.

ఇక్కడ ఒక హెచ్చరిక. సున్నను తీసుకెళ్లి గ కమాను కింద దూరిస్తే అచ్చం చక్రమే అవుతుందని మీకు తప్పకుండా తోస్తుంది. నాకూ తోచింది. అలా చేస్తే చదివేవాడికి "గప" అనో, ఏదో తెలియని అక్షరమనో అనిపిస్తుంది. మన అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కార్లు తయారు చేసే కియావారు 2021లో కొత్త లోగో తెచ్చారు. మూడు ఇంగ్లీషు అక్షరాలను ఒకే గీతగా కలిపేసరికి, చాలామంది దానిని కె, ఎన్ అని చదివి, ఆ పేరు గల కారు ఎవరిదని ఇంటర్నెట్‌లో వెతికారు. కియాకు ప్రకటనల బలం ఉంది కాబట్టి నెట్టుకొచ్చింది. మీకు ఉన్నది ఒక బల్ల, ఒక నమూనా మాత్రమే. సున్న తన చోటునే ఉండాలి. కొంచెం పెద్దది చేసి, లోపల ఇరుసుకు గుర్తుగా ఒక చుక్క పెట్టండి, చాలు.

ఫాంటుతో టైపు చేసి వదిలేయకండి. ఆధారంగా కావాలంటే రామభద్ర ఫాంటు తీసుకోండి, గీతలు లావుగా ఉంటాయి, స్వేచ్ఛా లైసెన్సు కనుక లోగోకు వాడినా అభ్యంతరం ఉండదు. కానీ దాని మీద పల్చని కాగితం వేసి చేత్తో మళ్లీ గీయండి. రెండు తలకట్లూ ఒకే ఏటవాలులో వస్తేనే అవి గంప పిడుల్లాగా కనిపిస్తాయి, ఏ ఫాంటూ ఆ సంగతి మీ కోసం ఆలోచించి పెట్టదు.

దూరపుకొండ

ఇరవై ఏళ్లుగా మిషిగన్‌లో ఉంటూ వాహన విడిభాగాల రంగంలో పని చేస్తున్న తెలుగువాడిగా, అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి ఎదురు చెప్పక తప్పడం లేదు. ప్రాజెక్టును రేపు ఉద్యోగ ఇంటర్వ్యూలో చూపించవలసింది ఈ నలుగురు. "గంప" అంటే ఏమిటని అడిగిన ప్రతిసారీ రెండు నిమిషాలు వివరించాలి. పెద్ద కంపెనీలు కూడా ఊరు మారితే పేరు మారుస్తాయి. మిత్సుబిషి పజేరో స్పానిష్ మాట్లాడేచోట అసభ్యంగా వినిపిస్తుంది కనుక అక్కడ మాంటెరో అయింది. హ్యుందాయ్ కోనా అదే కారణంగా పోర్చుగల్‌లో కవాయ్ అయింది. మనకు మాత్రం కోన అంటే తలకోన గుర్తొస్తుంది, అది వేరే సంగతి. ఏ భాషలోనూ అర్థం లేని పొట్టి పదం పెడితే ఈ బెడద ఉండదని నా అభిప్రాయం.

అక్షరాలపిచ్చి

దూరపుకొండగారూ, మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ పేరుకు మరో భాషలో చెడ్డ అర్థం వచ్చినప్పటివి. అర్థం తెలియకపోవడం వేరు. సుబారు అనే మాటకు అర్థం మీ పక్కింటి అమెరికన్‌ను అడగండి. అది జపాను భాషలో మన కృత్తికల పేరు. ఆ లోగోలో ఉన్న ఆరు చుక్కలూ ఆ నక్షత్రాలే. అర్థం తెలియనివారు కూడా ఆ కార్లు కొంటున్నారు. తెలిసిన జపానువాడికి ఒక ముచ్చట అదనం. గంపను ఢిల్లీ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత పలకగలిగితే చాలు. గ, మ, ప పలకలేని భారతీయుడు ఉండడు. అర్థం అడిగితే అదే మంచి అవకాశం. ఆ రెండు నిమిషాలలో వారు తొట్టి గురించి చెప్పేస్తారు.

ఇంటర్వ్యూ సంగతిలో మాత్రం మీ మాట కొట్టిపారేయలేను. పేరు కింద చిన్న అక్షరాలలో ఒక ఇంగ్లీషు వరుస ఉంటే నష్టం లేదు. అది వివరణగా ఉండాలి కానీ రెండో పేరు కాకూడదు.

బెజవాడరేడియం

రేడియం స్టిక్కర్ల దుకాణం నడుపుతాను. బండ్ల మీద పేర్లు కోయడమే నా వృత్తి. అందరూ పేరు గురించి చెప్పారు, అది నమూనాకు అతుక్కునే దారి నేను చెబుతాను. రేడియం అంటామే కానీ అందులో రేడియం ఉండదు, అది వెనుక జిగురు ఉన్న వినైల్ రేకు. ప్లాటరు మిషను బ్లేడుతో గీత వెంట కోస్తుంది. కోసిన తరువాత అక్కరలేని ముక్కలను మేము చేత్తో, సూదిమొన పట్టకారుతో పీకేయాలి. మీ మొదటి లోగోలోని వెదురు అల్లికను 60 మిల్లీమీటర్లలో కోస్తే బియ్యపు గింజంత ముక్కలు నలభైకి పైగా వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా పీకుతుంటే పక్కన ఉండవలసినవి కూడా లేచి వస్తాయి. నా అనుభవంలో 2 మిల్లీమీటర్ల కంటే సన్నని గీత నిలవదు, నిలిచినా రెండు రోజులకు అంచు లేస్తుంది.

ఇంకొక మాట. "గంప"లో ఒత్తు లేదు, ఆ ఒక్క కారణానికే నా ఓటు దానికి. పుష్పక అని పెట్టి ఉంటే ష పక్కన ప ఒత్తు కిందికి వేలాడేది, వరుస ఎత్తు పెరిగేది, ఉన్న చోటులో అక్షరం ఇంకా చిన్నదయ్యేది. పైగా మా దుకాణాలలో చాలావాటిలో పాత కోరెల్‌డ్రా (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) మీద, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని నడుస్తుంది. మీరు యూనికోడ్‌లో టైపు చేసి తెచ్చిన ఫైలు తెరిస్తే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురై ఒక్కో అక్షరం ఒక్కో దిక్కున ఉంటుంది. అందుకని అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చిన తరువాతే ఫైలు తీసుకురండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో తెచ్చి "ఇదే కోయండి" అంటే అంచులు ఎలుకలు కొరికినట్లు వస్తాయి. పోయిన నెలలో ఒక కళాశాల బృందం సరిగ్గా అలాగే తెచ్చింది. మూడు గంటలు కూర్చుని నేనే మళ్లీ గీయవలసి వచ్చింది, తీరా ప్రదర్శనలో నమూనా ఆకుపచ్చ రంగు మీద ఆకుపచ్చ అక్షరాలు అతికించి ఎవరికీ కనపడకుండా చేసుకున్నారు. ముందు మీ నమూనా రంగేదో చెప్పండి.

మూడుచక్రాలు

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. గుమాస్తాగిరిగారు చెప్పిన వెంటనే డిజైను దరఖాస్తు గురించి మా మార్గదర్శకుణ్ణి కలిశాము. ఆయనకు ఈ నిబంధన తెలుసు కానీ, మేము అడుగుతామని అనుకోలేదట. కాగితాలు సిద్ధమవుతున్నాయి. చక్రాన్ని తీసేశాము. పన్నెండో తరగతిలో పదంగానూ, ధ్వనిగానూ వెతికి, వచ్చిన పేర్లను కాగితం మీద రాసుకున్నాము. వాటిని మా మార్గదర్శకుడు కూడా ఒకసారి చూస్తానన్నారు.

"గంప" అని చేత్తో గీసిన కాగితాన్ని నిన్న ఉదయం రైతుబజారుకు తీసుకెళ్లాము. అక్కడ ఒక ట్రాలీ ఆటో ముందు అద్దానికి ఆనించి, పది అడుగుల వెనక్కి వచ్చి చూశాము. ఆ ఆటో డ్రైవరు మమ్మల్ని కాసేపు అనుమానంగా చూసి, పేరు చదివి, "ఖాళీ గంపా, నిండు గంపా?" అని అడిగారు. వంకాయలు అమ్ముతున్న ఒక పెద్దావిడ మాత్రం సున్నలో మేము పెట్టిన చుక్కను చూపించి, "అది ఠ కదా నాయనా, గఠప ఏమిటి?" అన్నారు. నిజంగానే సున్నలో చుక్క పెడితే తలకట్టు లేని ఠలాగా కనిపిస్తుంది, మా నలుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఇరుసు ఎలా చూపించాలో అక్షరాలపిచ్చిగారు చెప్పాలి.

మా నాలుగో మిత్రుడు ఇప్పటికీ "చెత్త గంప" అనే అభ్యంతరం దగ్గరే ఉన్నాడు. ఇంగ్లీషు వరుస రాసే పని తనకే అప్పగించాము. నమూనా రంగు: బండి లేత బూడిద, తొట్టి పసుపు.

అక్షరాలపిచ్చి

ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి. ఠ సంగతి నేను మరిచిపోవడం సిగ్గుచేటు, అక్షరాలపిచ్చి అని పేరు పెట్టుకున్నందుకు ఇంకా ఎక్కువ సిగ్గు. చుక్క వద్దు. ఇరుసు చూపించవలసిన అవసరమే లేదు. సున్నను లోపలా బయటా నిండు వృత్తంగా గీసి, మిగతా అక్షరాల కంటే గీతను కొద్దిగా లావు చేయండి, టైరు అనిపిస్తుంది. సున్న అడుగు, రెండు అక్షరాల అడుగు కంటే వెంట్రుకవాసి కిందికి ఉంటే నేల మీద ఆనినట్లు ఉంటుంది.

బెజవాడరేడియం

పసుపు తొట్టి మీద నలుపు అక్షరాలు వేయండి, ఇంకేమీ ఆలోచించకండి. బూడిద బండి ముందు భాగంలో కూడా అదే నలుపు వేస్తే ఒకే రేకులో రెండూ కోయవచ్చు, ఖర్చు తగ్గుతుంది. 60 మిల్లీమీటర్లలో మూడు అక్షరాలూ రావాలంటే సున్న 14 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, దాని గీత 3 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటికి మూడు కోసి ఇస్తాను, అతికించేటప్పుడు మొదటిది తప్పకుండా వంకరపోతుంది. సోమవారం ఫైలు తీసుకుని రండి, నమూనా ముందు పలకను కూడా వెంట తెచ్చుకోండి. వంపు ఉన్న చోట అతికించాలో లేదో చేత్తో పట్టుకుని చూస్తే గానీ చెప్పలేను.